మాచిపత్రి కాచిన మందు

ఊబిలో నడుముదాకా కూరుకుపోయిన వీరుడి ప్రాణం అంగుళం మిగిలింది.

తెర మీద ఎర్రగీత తరిగిపోతోంది. ఏ మీట నొక్కాలో సునోక్‌కు తెలియలేదు.

"ఎవరైనా రండయ్యా! నా బిడ్డ పోతున్నాడు!" అని కంప్యూటరు ముందు కూర్చుని నిజంగానే కేక పెట్టింది.

అంతలో రెల్లుపొదల్లోంచి, భుజాన గోనెసంచి వేసుకున్న బొమ్మ ఒకటి వచ్చి ఎర్రసీసా విసిరింది. గీత మళ్ళీ నిండింది.

ఆ బొమ్మ తల మీద పేరు: మాచిపత్రి.

"ఈ ఆటలో ఒకసారి చస్తే ఇక లేవరు. కత్తి సంగతి తర్వాత. ముందు మందు కాయడం నేర్చుకోండి" అని అక్షరాలు వచ్చాయి.

సునోక్ ఒంటివేలితో వెతుక్కుంటూ జవాబు కొట్టింది.

"చల్లగా ఉండు బాబూ. ఇది నా కొడుకు ఆడిన ఆట. నాకు రాదు."

"బాబును కానమ్మా. అరవై దాటాయి."

"అయ్యో! అయితే అన్నయ్యా అంటాను."

మాచిపత్రి బొమ్మ భుజాన సంచి దించి, మళ్ళీ ఎత్తుకుంది.

"మీ ఇష్టం" అన్నాడు చివరికి.

వీరుడి పేరు ఉత్తరగాలి. కొడుకు గ్యుహో పెట్టుకున్న పేరు అది. గ్యుహో పోయాడు, ఉత్తరగాలి మిగిలాడు. చాలాకాలం ఎవరూ తెరవకపోతే ఆ బొమ్మను తీసేస్తారని కొడుకు స్నేహితుడు చెప్పాడు. దాంతో, గున్సాన్ ఊళ్ళో చేపల బజారులో పులుసు కొట్టు నడుపుకునే సునోక్ జన్మలో మొదటిసారి కంప్యూటరు ముట్టుకుంది.

అది మొదలు, మధ్యాహ్నం కొట్టు కట్టేసి చెయ్యి తుడుచుకుని వచ్చేసరికి మాచిపత్రి పొయ్యి రాజేసుకుని సిద్ధంగా ఉండేవాడు.

ఎర్రదుంప దెబ్బలకు. నీలిపుట్టగొడుగు ఊపిరికి. మంచుపువ్వు చలికి. దుంప ముందు వేస్తే మందు, పుట్టగొడుగు ముందు వేస్తే విషం.

"పులుసు కాచినట్టే కదా అన్నయ్యా! ఈమాత్రం దానికి పాఠాలెందుకు?"

"ఏదీ, కాచి చూపించండి."

కాచింది. కుండ పక్కన గెంతుతున్న కప్ప ఆవిరి తగిలి వెల్లకిలా పడింది.

"మీ కొట్టుకి వచ్చేవాళ్ళకి ప్రాణం మీద తీపి లేదా అమ్మా?"

గ్యుహో పోయాక ఆ ఇంట్లో నవ్వు వినపడడం అదే మొదలు.

మెల్లగా చెయ్యి తిరిగింది. ఏ ఆకు ఏ గట్టున దొరుకుతుందో, ఏ సీసా ఎప్పుడు విప్పాలో తెలిసింది. పులి మీద పడితే మాచిపత్రి తన బొమ్మను అడ్డం పెట్టేవాడు తప్ప ఉత్తరగాలికి గీటు పడనిచ్చేవాడు కాదు.

పంటల పండగనాడు సునోక్ కుండ వైపు పోకుండానే అక్షరాలు కొట్టింది.

"అన్నయ్యా, వాడు ఇవాళ మళ్ళీ వచ్చాడు."

ఆ 'వాడు' ఎవరని మాచిపత్రి అడగలేదు.

"లారీ నడుపుతూ నిద్రపోయి నా బిడ్డ మీద ఎక్కించిన డ్రైవరు. జైలు నుంచి వచ్చాక ప్రతి పండక్కీ వచ్చి గడప ముందు మోకరిల్లుతాడు. పీడ పోవాలని మొహాన ఇంత ఉప్పు కొట్టి తలుపేశాను. ఆనాడు కోర్టులో, నా ఉత్తరగాలి ఆటలో ఇంకా బతికే ఉన్నాడని ఏడుస్తూ చెప్పాను. ఎవరో నవ్వారు కూడా. అందరూ క్షమించమంటారు. నువ్వూ అంటావా?"

"అనను. క్షమించవద్దమ్మా."

మళ్ళీ రాశాడు: "మీ అబ్బాయి మంచుకొండ ఎక్కాలనుకున్నాడని చెప్పారుగా. పదండి, చలిమందు కాద్దాం."

చలికాలమంతా కాచారు. మంచుపువ్వు దొరకడమే గగనం. మధ్యమధ్య మాచిపత్రి వారాల తరబడి కనిపించేవాడు కాదు. గట్టిగా నిలదీస్తే, ఆస్పత్రి మంచం మీంచి ఆడుతున్నానన్నాడు.

"ఏ ఆస్పత్రో చెప్పు. నువ్వుల జావ కాచి తెస్తాను."

"వద్దమ్మా. నన్ను చూస్తే ఆ జావ నా నెత్తిన పోస్తారు."

"పోస్తే పోస్తాను! చెల్లెలు పోస్తే పడలేవా?"

ఊరు మాత్రం చెప్పలేదు.

కొండ ఎక్కే రోజు వచ్చింది. శిఖరం కనుచూపుమేరలో ఉండగా మంచుగాలి లేచింది. సీసాలన్నీ అయిపోయి ఒక్కటి మిగిలింది. మాచిపత్రి దాన్ని ఉత్తరగాలి చేతిలో పెట్టాడు.

"మరి నీకో?"

"నాకింకోటి ఉందిలెండి. ఆగకండి, ఎక్కండి."

ఉత్తరగాలి శిఖరం మీద నిలబడ్డాడు. కింద సముద్రమంతా మెరుస్తోంది. "అన్నయ్యా, వచ్చేశాం!" అని సునోక్ వెనక్కి తిరిగి చూసింది.

మాచిపత్రి మంచులో కూలబడి ఉన్నాడు. తల మీద పేరు ఆరిపోయింది.

కొన్నాళ్ళకు ఆటలో, ఆరిపోయిన ఆ పేరు మీదే కబురు వచ్చింది. "నేను ఆయన అన్న కూతుర్ని. బాబాయి ఇవాళ పొద్దున పోయారు. మీకు చెప్పవద్దన్నారు. కానీ ఆటలో ఆయన స్నేహితుల జాబితాలో ఉన్నది మీ ఒక్కరి పేరే. మనసాగక చెబుతున్నాను." కింద జెయొంజు అనే ఊళ్ళోని ఒక ఆస్పత్రి పేరు.

సునోక్ తెల్ల చేమంతులు పట్టుకుని బస్సెక్కింది.

ఆస్పత్రిలో, పోయినవాళ్ళ పటం పెట్టి మొక్కే గదిలో జనం లేరు. నల్లబట్టలు కట్టుకున్న పిల్ల గుమ్మంలోకి ఎదురొచ్చి తల వంచింది.

"నువ్వేనా తల్లీ, కబురు పంపింది?"

"అవునత్తా. బాబాయికి ఆటలంటే ఏంటో తెలీదు. ఓ రోజు ఉన్నట్టుండి వచ్చి నేర్పమన్నాడు. ఏదో పేరు వెతుక్కునేవాడు. ఆ పేరు తెర మీద వెలగలేదని రోజూ దిగులుపడేవాడు. వెలిగిన రోజున చిన్నపిల్లాడిలా ఏడ్చాడు."

సునోక్ చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. కళ్ళ నిండా నీళ్ళు, ఎదుట అంతా మసక. మసకలోనే పూలు పెట్టింది, అగరువత్తి వెలిగించింది, నేలకు నుదురు ఆనించి రెండుసార్లు మొక్కింది.

"వెళ్ళిరా అన్నయ్యా" అంటూ లేచి, కళ్ళు తుడుచుకుని పటం వంక చూసింది.

అందులో ఉన్నది ఆ లారీ డ్రైవరు.