ఆగదు

"ఎక్కకు తల్లీ! ఈ బండి ఆగదు!"

ఎక్కణ్నుంచి ఊడిపడిందో, ఓ ముసలమ్మ కారు తలుపు గట్టిగా పట్టుకుంది.

ఫొటోగ్రాఫరుకు ఒళ్లు మండింది. పొద్దుటినుంచి ఆ పాతకాలం ఎర్ర స్పోర్ట్స్ కారు చుట్టూ గానుగెద్దులా తిరుగుతున్నాడు మరి. దాన్ని కొంటే, పక్కన నిలబడి ఫొటోలు దిగడానికి జనం ఎగబడతారని, మూతబడబోతున్న స్టూడియో మళ్లీ లేచి కూర్చుంటుందని గంపెడాశ. కారు ఒళ్లంతా అయస్కాంతం పెట్టి చూశాడు. ఎక్కడా జారలేదు. అంటే రేకు అసలుదే, పుట్టీ పూత కాదు. ఇక తోలి చూడటమే తరువాయి. నిండు చూలాలైన భార్య ముచ్చటపడి పక్క సీట్లో కూర్చోబోతోంది.

"ఎవరయ్యా ఈవిడ?"

కారు అమ్మిపెట్టే బ్రోకరు మొహం అటు తిప్పుకున్నాడు.

"పిచ్చిది సార్, వీధులెంట తిరుగుతుంటుంది. అయినా ఏమంది? ఆగదంది! నేనూ అదేగా మొత్తుకుంటున్నా? ఎంత దూరమెళ్లినా ఎక్కడా ఆగదు!"

"ఓహో, పొగడ్డానికి మనిషిని కూడా పెట్టావన్నమాట."

"అది కాదు నాయనా, నిన్న..."

"నువ్వు పోవమ్మా!" బ్రోకరు గొంతు పెంచాడు.

ముసలమ్మ తలుపు వదిలి ఆ చూలాలి చెయ్యి పట్టుకుంది. ఫొటోగ్రాఫరు విసురుగా ఒక్క తోపు తోశాడు. పాపం, ఆవిడ మోచెయ్యి గోడకు గీసుకుపోయింది.

"అయ్యో, పెద్దావిడండీ! బుద్ధుందా మీకు?" భార్య ఆవిణ్ణి పొదివి పట్టుకుంది. "నేను రాను. మీరే ఊరేగండి."

అతను తలుపు ధడాలున వేసి బయల్దేరాడు.

"సార్, పల్లం వైపు వద్దు!"

బ్రోకరు కేక చెవినెక్కితేగా!

మలుపులో బ్రేకు తొక్కాడు. పెడలు మెత్తగా కిందికి దిగిపోయింది. మళ్లీ తొక్కాడు. ఊహూఁ. ఎదురుగా జనం. స్టీరింగు మొత్తం తిప్పేసి, కారును గోడకేసి గుద్దాడు.

అతనికి చిన్న గీత కూడా పడలేదు.

పక్క సీటు మాత్రం నుజ్జునుజ్జయింది.

వెనక్కి నడిచొచ్చాడు. భార్యను చూశాడు, ఆమె కడుపు చూశాడు. ఒక్క ఉరుకున బ్రోకరు గొంతు పట్టుకున్నాడు.

"తెలిసే ఎక్కించబోయావురా!"

చెయ్యెత్తాడు.

ఎత్తిన చేతికింద ముసలమ్మ వచ్చి నిలబడింది. మోచేతి మీద నెత్తురింకా ఆరలేదు.

"నన్ను కొట్టు నాయనా," అంది మెల్లగా. "వీణ్ణి కన్నది నేనే."