వంటగది దస్తావేజు

అక్టోబరు ఇరవయ్యో తేదీ, ఆదివారం మధ్యాహ్నం. వంటగది గుమ్మం దగ్గర హాజరైనవారు నలుగురు: ఇంటి యజమాని అయిన దస్తావేజు లేఖరి, అతని భార్య, అతని అక్క, అక్కాతమ్ముళ్ళ తండ్రి. కిటికీ అవతల చెట్టు ఆకులు రాలుస్తోంది. లోపల బల్ల మీద ఒక గుమ్మడికాయ, సరిసమానంగా కోసిన రెండు చెక్కలుగా పడి ఉంది.

“నిన్న నువ్వు చేసింది సూప్ అనుకోమంటావా? పసుపు కలిపిన వేణ్ణీళ్ళు,” అంది ఆడపడుచు. గుమ్మానికి ఎదురుగా వాలుకుర్చీలో కూర్చుని ఇటువంటి తీర్పులు వెలువరించడం ఆమె నిత్యకృత్యం. “ముక్క ఉడకదు. ఉప్పు తెలీదు. రోజూ ఈ వంట తింటున్నందుకు మా తమ్ముడికి దండెయ్యాలి.”

“అయితే ఇవాళ మీరూ వండండి వదినా. మామయ్యగారు రుచి చూసి చెబుతారు. నెగ్గినవాళ్ళదే వంటగది.” భార్య గొంతు పెరగలేదు. చేతిలోని కత్తి మాత్రం గుమ్మడి చెక్కలో పిడి దాకా దిగింది.

“తర్వాత మాట మార్చవుగా?”

“కాగితం రాయించుకోండి. రాసేవారు ఇంట్లోనే ఉన్నారుగా.”

లేఖరి నిట్టూర్చి కలం మూత తీశాడు. ఆ ఇంట్లో మంచం జరపాలన్నా అతడొక కాగితం రాయవలసిందే. రాసినది పైకి చదివాడు: “నెగ్గినవారికి వంటగదిపై సర్వహక్కులూ, వాటితోపాటు ఇంటిల్లిపాదికీ పూటపూటా వండిపెట్టు బాధ్యతా సంక్రమించును. ఓడినవారు అందు అడుగుపెట్టరాదు.”

“మధ్యలో ఆ బాధ్యతెందుకురా?”

“హక్కు రాశాక బాధ్యత రాయకపోతే నా కలం ముందుకు కదలదక్కా. అలవాటు.”

“సరే, ఏడువు. ఓడేదెవరో తెలిసిందేగా.”

పొయ్యి మీదికి రెండు గిన్నెలు ఎక్కాయి. ఆడపడుచు దాల్చినచెక్క వేయించి పొడి కొట్టింది, మిరియాలు నూరింది, జాజికాయ అరగదీసింది. మధ్యమధ్య మరదలి గిన్నెలోకి తొంగిచూసి, “ఏం పాపం చేసుకుందో ఈ కాయ,” అని పెదవి విరిచింది.

రెండు గిన్నెలూ ఉడుకుపట్టాక ఆడపడుచు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. భార్య ఒక్కతే మిగిలింది. ఉప్పు జాడీలో చెయ్యి పెట్టి పిడికెడు తీసింది. పెరటి గుమ్మం వైపు ఒకసారి చూసింది. ఇన్నాళ్ళూ పడిన మాటలన్నీ ఆ పిడికిట్లోనే ఉన్నట్టు పళ్ళు బిగించి, ఒక గిన్నె మూత తీసి, వేళ్ళు విప్పి, గరిటెతో తీరుబడిగా కలిపింది.

మామగారి ముందు రెండు కప్పులు పెట్టారు. ఏది ఎవరిదో ఆయనకు చెప్పలేదు. మొదటిది తాగి కళ్ళు మూసుకున్నాడు.

“బాగుంది. మిరియం ఘాటు గొంతులో నిలబడింది.”

రెండోది నోట పెట్టుకున్న మరుక్షణం కప్పులోకే ఉమ్మేశాడు. “సముద్రం తెచ్చి పోశారా ఏమిటి? ఇందులో ఎవరి చెయ్యి పడింది?”

“నేనెవరి గిన్నే ముట్టుకోలేదు నాన్నా,” అంది ఆడపడుచు గభాలున.

“నిన్నెవరన్నారమ్మా? గుమ్మడికాయల దొంగంటే నువ్వెందుకు భుజాలు తడుముకోవడం? ఒరే అబ్బాయ్, ఏది ఎవరిదో చెప్పు.”

లేఖరి కప్పుల అడుగున తాను అంటించిన చీటీలు చూశాడు. “మొదటిది అక్కది. రెండోది... మా ఆవిడది.”

ఆడపడుచు ముఖం చాటంత అయింది. “నేను మొత్తుకునేది ఇదే. విన్నారా ఎవరైనా? రా అమ్మాయ్, సంతకం చెయ్యి. ఇక ఈ గడప తొక్కావంటే ఊరుకోను.”

“ముందు మీరు చెయ్యండి వదినా. నెగ్గినవారు.”

ఆడపడుచు ఒంపులు తిప్పి సంతకం చేసింది. దాని కింద భార్య, సాక్షిగా మామగారు. భార్య తన భుజం మీది మసిగుడ్డ తీసి వదిన భుజాన వేసింది. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, వాలుకుర్చీ దిండు కింద దోపి, ఆ కుర్చీలో కాళ్ళు చాపుకుని వెనక్కి వాలింది.

“రాత్రికి ఏం వండుతున్నారు వదినా? ముక్క ఉడకకపోతే నాకు గొంతు దిగదు, ముందే చెబుతున్నాను.”