కర్ర మీద తమ్ముడి పొట్టేలు

కులపెద్ద ఎల్లప్ప తన కర్ర మీంచి తమ్ముడు బీరప్ప ఇంటి గుర్తు, పొట్టేలు బొమ్మను కత్తితో గీకేశాడు. ఆ కర్ర మీద కులంలో ఇంటికో బొమ్మ చెక్కి ఉంటుంది; పెళ్లిళ్లలో ఆ బొమ్మలు తడుముతూనే ఇంటింటినీ తాంబూలానికి పిలుస్తాడాయన. రేపు సొంత కొడుకు పెళ్లి.

“కొట్లాడింది నీ తమ్ముడు. పొట్టేలేం జేసిందయ్యా?” భార్య చంద్రమ్మ నవ్వింది.

“వాని పేరే నా నోట్ల రాదు. కండ్లు మూస్కొని పిలుస్త, జూడు!”

వేలు డోలు బొమ్మను తాకింది. “దాసప్పోళ్లు!”

గొంగడి బొమ్మను తాకింది. “పెంటయ్యోళ్లు!”

గీకిన గుంతలో దిగబడింది. “బీరప్పోళ్లు!”

చంద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఎల్లప్ప మళ్లీ తడిమాడు. వేలు మళ్లీ అక్కడే ఆగింది.

“గీకితె ఇంకా లోతాయె గదనే!”

“మరేం జేద్దాం?”

“వాని పెండ్లాంకు ఫోన్ జెయ్యి. నేను జెయ్యమన్ననని మాత్రం చెప్పకు.”