గాజు తలుపు

నూరేళ్లనాటి భవనంలోని తన ఫ్లాటుకు అమ్మ కొత్త హంగులు చేయిస్తోంది. చూద్దామని వెళ్లేసరికి ఆమె పడగ్గదికి ఉండే పాత చెక్కడపు టేకు తలుపు లేదు. గాజు తలుపు ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"నాన్న దాన్ని ఎంత అపురూపంగా చూసుకునేవారు? ఎవరినడిగి తీయించావు?"

అమ్మ ఊడవడం ఆపలేదు.

"ఆయన పోయి ఏడాదైనా కాలేదు. అప్పుడే ఆయన గుర్తులన్నీ తుడిచేయాలా?"

అమ్మ చీపురు పక్కన పెట్టింది.

"నువ్వు హాస్టల్లో పెరిగావు, నీకు తెలీదు. ఆ తలుపుకి గడియ బయటవైపే ఉండేదే. కోపమొస్తే నన్ను లోపల పెట్టి, గడియ వేసుకుని ఆఫీసుకి వెళ్లిపోయేవారు."

నా చూపు గాజు తలుపు మీదికి వెళ్లింది.

"జాగ్రత్తగా విప్పి తీస్తానన్నాడు వడ్రంగి," అంది అమ్మ, పళ్లు బిగించి. "వద్దని, గొడ్డలి నేనే అడిగి తీసుకున్నాను."