ఆల్చిప్పల రుచి

“మిగిలినయి పారేసినవా అమ్మా?” గిన్నెలో నాలుగే ఆల్చిప్పలు చూసి యాకోబు అరిచాడు. తను పనిచేసే చోట సముద్రంలో తాళ్లకు వేలాడదీసి పెంచినవాటిని ఐసు డబ్బాలో ఆర్మూరు దాకా మోసుకొచ్చాడు.

“ఉడుకుతుంటే నోరు తెరిచినయి కొడుకా. పసుపు కొమ్ము ఉడికి పగిలితే కరాబైనట్టే గదా?” ఏటా పసుపు ఉడకబెట్టే కూలికి పోయే ఆశమ్మ అంది. “మూసుకునున్నయే మంచియని దాచిన.”

“తెరుచుకున్నయే మంచియి! తెరుచుకోనియి పారెయ్యాలె! మనోళ్ల కోసమని సముద్రంల ఎంత పెంచితే ఏం ఫాయిదా? తినుడే తెల్వదు మీకు!”

ఆశమ్మ మొహం చిన్నబోయింది. “గంత మంచిగుంటయా? ఎట్లుంటది రుచి?”

యాకోబు గిన్నె పక్కన కూలబడ్డాడు.

“నాకేం ఎరుక? ఆడ అన్నీ పెద్ద హోటళ్లకే పోతయి. నేను గూడ గియ్యాలనే తిందామనుకున్న.”