మిషన్ పని

ముంబై దగ్గర సముద్రంలో ఓడ పగిలి చమురు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. కామాఠీపురాలో తెలుగు కూలీల ఇరుకు గదుల చాల్‌లో ఉండే బాలమణి, మేస్త్రీ నర్సింలు వెంట వెళ్లి, ఐదు రోజులు ఆ నల్లటి జిగురును పారతో ఎత్తి సంచుల్లో నింపింది. ఆరో రోజుకు ఇసుక మళ్లీ ఇసుకలా కనిపించింది.

ఆ రోజే విదేశాల నుంచి తెప్పించిన మిషన్ వచ్చింది. చమురంతా తానే పీల్చేస్తుందట. చూడటానికి మంత్రిగారు వస్తున్నారు.

"అన్నా, ఇగ మన కామ్ బందేనా?" బాలమణి దిగులుగా అడిగింది.

నర్సింలు అధికారి దగ్గరికి వెళ్లొచ్చాడు. "పని ఉన్నది చెల్లె. ఆ సంచులన్ని మల్ల ఇసుకల కుమ్మరించాలె. పీల్చెతందుకు మిషన్‌కు ఆయిల్ గావాలె గదా!"

సంచులకెత్తిన చేతులతోనే బాలమణి ఆ జిగురును కుమ్మరించింది. మిషన్ మంత్రిగారి ముందు రెండు నిమిషాలు గర్జించి, ఇసుక మింగి ఆగిపోయింది. అప్పటికే ఫొటోలు తీసేశారు. కార్లు వెళ్లిపోయాక బాలమణి మళ్లీ పార పట్టింది.

మర్నాడు చాల్‌లో టీవీ చెప్పింది, మనిషి చెయ్యి పడకుండానే తీరం శుభ్రమైందని. అది విన్నప్పుడు బాలమణి కిరోసిన్‌తో గోళ్లు రుద్దుకుంటోంది. నలుపు వదలడం లేదు. ఇక మనల్ని ఎవరు పిలుస్తారులే అనుకుంది.

సాయంత్రం నర్సింలు ఫోన్ చేశాడు. గొంతులో సంబరం.

"చెల్లె, సర్కారు ఇంకా నాలుగు మిషన్లు కొంటున్నదట. ఒక్కో మిషన్‌కు ముప్పై మందిని పట్కరమ్మన్నరు!"