ఖాళీ కొట్టం ఫొటో

"లోపల ఎవరున్నా బయటికి రమ్మనండమ్మా. పసిపాపను ఇంకాస్త దూరంగా తీసుకెళ్లమనండి."

సంతోషమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది.

ఎవరీ మనిషి? మండుటెండలో కోటు తొడుక్కున్నాడు. మెడలో డబ్బా కెమెరా వేలాడుతోంది. మాట చూస్తే పట్నం మాట.

"ఎందుకు సారూ?"

"ఈ కొట్టాన్ని ఫొటో తీసుకుంటాను. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను."

హవ్వ! పెళ్లికి ఫొటో తీస్తారు, పెద్దమనుషులకు ఫొటో తీస్తారు. గోడలు కూలిన గొడ్ల కొట్టానికి ఫొటో ఏమిటి? వింటే నలుగురూ నవ్వరూ?

సంతోషమ్మకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ కొట్టం పటేల్‌ది. ఆయన ఎడ్లు కొత్త పెంకుల కొట్టానికి మారాక, జీతగాడు మత్తయ్య పెళ్లాం సంతోషమ్మతో అందులో కాపురం పెట్టాడు. పోలీసు చర్య తర్వాత రోజులు మారాయి. ఉన్నవాళ్లను ఉత్తపుణ్యానికి వెళ్లగొట్టరాదని కొత్త చట్టం వచ్చిందట. అప్పట్నుంచీ పటేల్‌కు కడుపుమంట. "అందులో ఎవ్వరూ ఉండరు, అది ఖాళీ కొట్టం" అని వికారాబాద్ కచేరీలో చెప్పుకుంటున్నాడట.

మనుషులను బయటికి తోలి ఫొటో తీస్తే కొట్టం ఎలా కనిపిస్తుంది? ఖాళీగానే కదా! పటేల్‌కు కావలసింది కూడా అదే.

కాన్పుకొచ్చిన కూతురు దేవమ్మ పాపను ఎత్తుకుని అప్పటికే అవతలికి నడిచింది. సంతోషమ్మ మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇది మా ఇల్లు. నేను కదల."

అతను వాదించలేదు. తనే వెనక్కి వెనక్కి వెళ్లాడు. అక్కడి నుంచి వంగి చూశాడు, లేచి చూశాడు. విరిగిన బండి చక్రం కూడా ఫొటోలో ఇమడాలని పక్కకు జరగబోయి, రాయి తగిలి తూలాడు. నేర్చుకునేవాడి తిప్పలు అవి. సంతోషమ్మ కంటికి అన్నీ దొంగ వేషాలే.

వీడి సంగతేందో చూద్దామని చెంబుతో నీళ్లు తెచ్చింది.

"తాగు సారూ. పెదవులు ఎండిపోయినయ్."

అతను చెంబు వైపు చూసి గుటక మింగాడు. చప్పున రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని దూరం జరిగాడు.

"వద్దమ్మా."

సంతోషమ్మ ముఖం మాడిపోయింది. తాతల నాడే చర్చిలో కలిసినా, ఊరి పెద్దకులాలవాళ్లు ఇప్పటికీ వాళ్ల చేతి నీళ్లు ముట్టరు. వీడూ ఆ బాపతే. పటేల్‌కు చుట్టమే అయి ఉంటాడు!

అంతలో మత్తయ్య చేని నుంచి వచ్చాడు. భార్య చెప్పింది వినగానే అతని మీదికి లేచాడు.

"ఎవరు పంపిన్రు నిన్ను?"

"ఎవరూ పంపలేదయ్యా."

"అబద్ధమాడకు! గా డబ్బా ఇటియ్యి!"

"దగ్గరికి రావద్దు!" అతను అరిచాడు.

"ఏం? మేం ముట్టుకుంటే మైల పడ్తవా?"

అతను కెమెరాను మెల్లగా నేల మీద పెట్టాడు. "తీసుకోండి" అని వెనుదిరిగి బాట పట్టాడు.

వాడి వెనకాలే సంతోషమ్మ దుమ్మెత్తి పోసింది. వాడి వంశాన్ని కూడా వదల్లేదు.

వానలు పడ్డాయి. కొట్టం ఖాళీ చెయ్యమని పటేల్ మళ్లీ కబురు పెట్టాడు. సంతోషమ్మకు ఒకటే గుబులు. ఆ డబ్బాలో ఫొటో ఉండిపోయిందేమో! పాత చీరలో కెమెరా చుట్టుకుని వికారాబాద్ వెళ్లింది. స్టేషన్ దగ్గర పాండురంగం ఫొటో దుకాణం ఉంది.

"దీంట్ల మా కొట్టం ఉంటే చెరిపెయ్యి సారూ. నీకు పుణ్యముంటది."

పాండురంగం కెమెరాను తిప్పి చూశాడు.

"ఇది నాదే గదా! నీకెట్ల దొరికింది?"

ఆమె జరిగిందంతా చెప్పింది. చెబుతుంటే కోపం మళ్లీ పొంగింది.

"ముట్టుకోనియ్యలే. గుక్కెడు నీళ్లు గూడ తాగలే. పటేల్ మనిషే గదా సారూ?"

"పటేల్ ఎవరో ఆయనకు తెల్వదమ్మా" అన్నాడు పాండురంగం. "అనంతగిరి గుట్ట మీద క్షయ దవాఖాన్ల ఉండె. నా దగ్గరికొచ్చినా గడప దాటకపోయేది. వాకిట్ల నిలబడే నేర్చుకున్నడు. ఈ డబ్బా నేనే ఇచ్చిన. మనుషుల ఫొటో తీయాలంటే దగ్గరికి పోవాలె, నాకు పాత కొట్టాలు చాలు అనేటోడు."

సంతోషమ్మ పాండురంగం చేతిలోని కెమెరా వైపు చూసింది.

"గా ముక్క మాతోని చెప్తే ఏమాయె?"

"రోగం పేరు చెప్తే ఊర్ల అడుగు పెట్టనిస్తరా? డబ్బా ఏదని నేనడిగితే, యాడ్నో పారేసుకున్న అన్నడు. మీ మాటే ఎత్తలే."

"నేనే తీస్కపోయి ఇస్త సారూ. కాళ్లు మొక్కుత. ఏ వార్డుల ఉన్నడు?"

"లేడమ్మా. పోయిన వారమే పోయిండు."

సంతోషమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎన్నెన్ని మాటలన్నది తను!

"మా పిల్లను గంత దూరం పంపియ్యమన్నడు... అందుకేనా సారూ?"

పాండురంగం తల దించుకుని అన్నాడు.

"రోగమున్నదని తెల్వక ఒక్కగానొక్క బిడ్డను ముద్దాడి ముద్దాడి, తన చేతులతోనే మట్టి చేసిన తండ్రమ్మా ఆయన."